నలభైకి బదులు ఎనభై

ఏటి ఒడ్డున సాన్ బెర్నబే ఊళ్లో సోలార్ గది తాళంచెవి ఎలాదియో మెడలో వేలాడుతుంది. బ్యాటరీలకు నీళ్లు పోసే జాడీ తియోఫిలా ఇంట్లో ఉంటుంది. ఏడేళ్ల కిందట ప్యానెళ్లు బిగించిన వాళ్లు పడవెక్కే ముందు ఊరి సభ చేసిన పంపకం ఇది. ఎలాదియో బ్వేనావెంతూరా పట్నం వెళ్లి రెండు వారాలు శిక్షణ పొంది వచ్చాడు గనక మీటలూ తీగలూ అతని వంతు. నీళ్ల పని మాత్రం ఓపికస్తురాలికి ఇవ్వాలన్నారు. ఒక్క చుక్క ఎక్కువైనా తక్కువైనా బ్యాటరీ పాడవుతుందట. ఊళ్లో అంత ఓపిక ఎవరికుందని చూస్తే అందరి కళ్లూ తియోఫిలా మీదికే పోయాయి.

ఆవిడ ఆ పనిని పూజలా చేసేది. షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఈ ఏటి మూలకు ఏడాదికి ఒక్కసారి వస్తే గొప్ప. అందుకని వాన పడ్డప్పుడల్లా ఆరుబయట నాలుగు కర్రలకు ప్లాస్టిక్ పట్టా కట్టి, ఆకాశం నుంచి నేరుగా పడ్డ నీళ్లే పట్టేది. రేకుల కప్పు మీంచి జారిన నీళ్లు పనికిరావు. పట్టిన నీళ్లను తెల్లగుడ్డతో రెండుసార్లు వడగట్టి జాడీలో పోసి మూత బిగించేది. "మా ఆయన తాగే నీళ్లక్కూడా ఇంత మర్యాద లేదు తల్లీ" అని చేపల రోస్‌మీరా ఏడిపించేది. "మీ ఆయన తాగేది నీళ్లా ఏమన్నానా?" అని తియోఫిలా అంతే వేగంగా అంటించేది.

గదిలో బ్యాటరీలు నాలుగు. ఎండ బాగా కాస్తే ప్యానెళ్ల నుంచి ఎనభై ఆంపియర్ల దాకా కరెంటు దిగుతుంది. నాలుగూ తలా ఇరవై పంచుకుంటాయి. అంతకు మించి తోస్తే వాటి ఒళ్లు కాలిపోయి, లోపలి నీళ్లు బుడగలు బుడగలుగా ఎగిరిపోతాయి. అందుకే గోడ మీది ఛార్జర్ పెట్టెలో ఒక హద్దు పెట్టి ఉంచుతారు. ఇన్ని ఆంపియర్లకు మించి లోపలికి పంపకు అని దానికి చెప్పడమన్న మాట. శిక్షణలో ఎలాదియో ఈ ఒక్క పాఠాన్ని ముమ్మారు వల్లించాడు. బ్యాటరీకి ఇరవై, నాలుగింటికి ఎనభై. ఒకటి తీసేస్తే అరవై, రెండు తీసేస్తే నలభై. చిన్నపిల్లలు కూడా చేసే లెక్క. తెలియక చేసిన తప్పని ఎవరూ అతన్ని వెనకేసుకు రావడానికి వీల్లేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పొద్దున్న తియోఫిలా వంగి బ్యాటరీల మూతలు విప్పి నీళ్లు పోస్తోంది. ఎలాదియో పక్కనే నిలబడి టార్చి పడుతున్నాడు. ఒక్కో బ్యాటరీకి ఆరు మూతలు, మొత్తం ఇరవై నాలుగు. ఆఖరి బ్యాటరీలో ఆఖరి రంధ్రం దగ్గరుండగా గుమ్మంలో ఎవరో మనిషి టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎగువ నుంచి వచ్చిన పడవవాడు.

"తియోఫిలా అత్తా, మీ తమ్ముడు బసీలియో..." అన్నాడు. మిగతాది అతని టోపీయే చెప్పింది.

ఆవిడ జాడీ దించలేదు. ఆ ఆఖరి రంధ్రంలోనూ లోపల గీసిన గుర్తు దాకా పోసింది. మూత బిగించడానికి మాత్రం వేళ్లు మాట వినలేదు. ఎలాదియోనే తీసుకుని బిగించాడు. ఆవిడ జాడీ కింద పెట్టి, అప్పుడు ఏడ్చింది.

ఇక్కడ చనిపోయిన మనిషికి తొమ్మిది రాత్రులు వెలుగు ఉండాలి. పోయినవాళ్ల పేరున కట్టిన పీఠం ముందు దీపం ఆరకూడదు. తొమ్మిదో రాత్రి తెల్లవారగట్ల పీఠం విప్పి, దీపం ఆర్పి, అప్పుడు ఆత్మను పంపుతారు. తమ్ముడుండే ఎగువ ఊరికి కరెంటు లేదు. శవం ఇంటికి దీపం అడిగితే లేదనే ఇల్లు ఈ ఏటి పొడుగునా ఎక్కడా ఉండదు. ఆవిడ అడగను కూడా లేదు. ఎలాదియోనే స్పానర్ తీసి రెండు బ్యాటరీలు విప్పాడు.

"రెండు పట్టుకుపో అత్తా. బల్బులు కూడా ఇస్తాను. తమ్ముడు చీకట్లో పోవడమేంటి?"

"మరి ఊరికో? చేపల ఫ్రీజరో?"

"నేను చూసుకుంటాగా."

నలుగురు మగాళ్లు వాటిని పడవకెక్కించారు. ఒడ్డున నిలబడ్డ వాళ్లంతా ఎలాదియోను మెచ్చుకున్నారు. సభ పెద్ద గుమెర్సీందో భుజం తట్టి మరీ మెచ్చుకున్నాడు. ఎలాదియోకు మెప్పంటే కొంచెం మోజు. అది ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే.

గదికి తిరిగి వెళ్లి హద్దును నలభైకి దించాడు. అంత వరకు అంతా సక్రమమే.

మూడో రోజు తెల్లవారేసరికి ఫ్రీజరు ఆగిపోయింది. ఆ రోజుల్లో ఎండ పొద్దున్న నాలుగు గంటలే. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి మబ్బు వచ్చి కమ్మేసేది. నలభై చొప్పున ఆ నాలుగు గంటల్లో రెండు బ్యాటరీలు సగం కూడా నిండలేదు. ఫ్రీజరులో ఉన్నది ఆడవాళ్లు మడ అడవి బురదలో మోకాళ్ల లోతు దిగి ఏరుకొచ్చిన నల్లగుల్లలు, మగాళ్లు పట్టిన చేపలు. కొనేవాళ్ల పడవ వారానికి ఒక్కసారే వస్తుంది.

రోస్‌మీరా గది గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టింది.

"ఏమయ్యా కరెంటు దొరా! చచ్చినవాడికి దీపం పెట్టావు, బాగుంది. బతికున్నవాళ్ల చేపలు కుళ్లబెడతావా ఇప్పుడు?"

"రేపటికి సర్దుకుంటుందిలే."

"ఎలా సర్దుకుంటుంది? నీ పెట్టెకి దండం పెడితేనా?"

ఆమె వెళ్లాక ఎలాదియో పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. పైన ప్యానెళ్లు ఎనభై ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. తనే తలుపు సగం మూసి కూర్చున్నాడు. ఎంత, తొమ్మిది రోజులే కదా అనుకున్నాడు. మీట నొక్కాడు. నలభై, యాభై, అరవై, డెబ్బై, ఎనభై. నలుగురి అన్నం ఇద్దరి నోట్లో కుక్కుతున్నానని ఆ క్షణంలో అతనికి తెలుసు. తెలిసే నొక్కాడు.

ఫ్రీజరు మళ్లీ గుర్రుమంది. రోస్‌మీరా ఒక పెద్ద చేపను ఆకులో చుట్టి పంపింది. ఎలాదియో కొబ్బరిపాలు పోసి వండుకుని తిన్నాడు.

అయిదో రోజుకు బ్యాటరీల మీద చెయ్యి పెడితే చుర్రుమంది. ఆరో రోజుకు మూతల కింద నుంచి ఉడుకుతున్న గంజిలా చప్పుడు. గదిలో కుళ్లిన గుడ్ల వాసన. నీళ్లు చూద్దామా అని మూత మీద చెయ్యి వేసి మళ్లీ తీసేశాడు. నీళ్ల పని ఆవిడది, ఆవిడ నెలకు సరిపడా పోసే వెళ్లిందని తనకు తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి వేరే. మూత విప్పితే లోపల ఏముందో చూడాల్సి వస్తుంది. చూస్తే ఎనభైని నలభై చెయ్యాల్సి వస్తుంది. చేస్తే రోస్‌మీరా మళ్లీ గుమ్మంలో నిలబడుతుంది.

పదో రోజు పొద్దున్న ఫ్రీజరు ఆగింది. ఇక లేవలేదు. ఎలాదియో పరుగెత్తుకెళ్లి ముందు చేసిన పని హద్దును నలభైకి దించడం. మూతలు విప్పడం ఆ తర్వాత. లోపల చుక్క నీరు లేదు. ప్లేట్లు ఎండి, వంకర తిరిగి, తెల్లగా బూజు పట్టినట్టున్నాయి.

ఊరు ఊరంతా గది ముందుకు వచ్చింది. గుమెర్సీందో వంగి టార్చి వేసి చూశాడు.

"నీళ్లేవయ్యా ఇందులో?"

సరిగ్గా ఆ వేళకే ఎగువ నుంచి పడవ వచ్చి ఒడ్డుకు తగిలింది. నల్లబట్టల్లో తియోఫిలా దిగింది. తొమ్మిది రాత్రులు పాడి పాడి గొంతు బొంగురుపోయి ఉంది. ఆవిడ వెనక రెండు బ్యాటరీలూ భద్రంగా వచ్చాయి.

రోస్‌మీరా కళ్లనీళ్లతో ఉంది. ఏడు రోజుల బురద పని ఆమె కళ్ల ముందే నీరుకారిపోతోంది.

"అత్తా, వెళ్లేముందు నీళ్లు పోశావా నువ్వు?"

"పోశాను."

"పోస్తే ఎక్కడికి పోయాయి? నువ్వు పోస్తే నెల తిరిగినా సగం ఉండేవి ఎప్పుడూ!"

"పోశాననే..." తియోఫిలా ఆగింది. "పోస్తుంటేనే కదా తమ్ముడి కబురు వచ్చింది. అన్నిట్లో పోశానా, లేక..." ఆవిడ చూపు నేల మీద దేన్నో వెతికింది. "అయ్యో దేవుడా. నాకు గుర్తు రావట్లేదే."

ఎలాదియో మూడడుగుల దూరంలో ఉన్నాడు. ఇప్పుడే చెబుతాను అనుకున్నాడు. జనం కొంచెం చల్లబడ్డాక చెబుతాను అనుకున్నాడు. నోరు తెరవకుండా ఆ రోజు గడిచిపోయింది. అలా గడిచిపోయిన రోజు మర్నాటికి బరువెక్కుతుందని అతనికి అప్పుడు తెలియదు.

చేపలూ గుల్లలూ బుట్టలకెత్తి ఏట్లో పారబోశారు. కొంగలు వచ్చి వాలాయి. మిగిలిన రెండు బ్యాటరీలతో బడికీ వైద్యం గదికీ దీపాలు వెలిగించారు. ఫ్రీజరును పక్కన పెట్టేశారు. ప్యానెళ్లు బిగించిన వాళ్ల ఇంజనీరమ్మ వచ్చి చూసి కొత్తవి ఇచ్చేదాకా ఇంతేనన్నాడు గుమెర్సీందో.

నాలుగు రోజుల తర్వాత తియోఫిలా ఎలాదియో ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్టు మీదే నిలబడింది.

"నాయనా, నువ్వు ఆ రోజు టార్చి పట్టుకున్నావు కదా. నిజం చెప్పు. నేను పోశానా?"

ఆఖరి రంధ్రంలో గుర్తును అందుకున్న నీళ్లు ఎలాదియో కళ్ల ముందు మెరిశాయి. మూత బిగించింది తన వేళ్లే.

"సరిగ్గా చూళ్లేదత్తా. నేను తీగలు చూసుకుంటున్నా."

"అంతేలే" అంది ఆవిడ. "పోసుండను. డెబ్బై రెండేళ్లొచ్చాయి. నన్ను నమ్మి ఇచ్చారు. నేను నా తమ్ముడి కోసం ఏడుస్తూ ఊరి నోట్లో మట్టి కొట్టా." జాడీని అతని మెట్టు మీద పెట్టింది. "ఇది సభకిచ్చెయ్. ఎవరికైనా ఇమ్మను."

"అత్తా, అలా కాదు..."

"ఎలా కాదు?"

ఎలాదియో వంగి జాడీ ఎత్తుకున్నాడు. ఆవిడ కర్ర వంతెన మీంచి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఎలాదియో లోపలికి వెళ్లి తలుపు వేసుకుని తనను తాను నానా బూతులూ తిట్టుకున్నాడు. తిట్టుకోవడం సులువు. దానికి ఎవరూ వినక్కర్లేదు.

ఛార్జర్ పెట్టెకు ఒక జ్ఞాపకం ఉంది. ఏ రోజు గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు లోపలికి పంపిందో ముప్పై రోజుల పాటు దాచుకుంటుంది. ముప్పై ఒకటో రోజున పాతది రాలిపోతుంది. ఎలాదియో రోజూ పొద్దున్నే వెళ్లి ఆ జాబితా చూసేవాడు. డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది, ఎనభై, డెబ్బై ఎనిమిది. ఏడు అంకెలు, ఏడు రోజుల నేరం. ఇంజనీరమ్మ మూడు వారాల్లో వస్తానని కబురు పెట్టింది. వస్తే అర నిమిషంలో పట్టేస్తుంది. అలా పట్టేస్తేనే బాగుండునని కొన్ని పొద్దుల్లో అనిపించేది, తను చెప్పే పని తప్పుతుంది గనక. మిగతా పొద్దుల్లో మాత్రం ఆమె రాకూడదనే మొక్కుకునేవాడు.

ఈలోగా సిన్ఫొరోసా పోయింది.

ఊరి మంత్రసాని ఆవిడ. నలభై దాటిన వాళ్లలో సగం మందికి మొదట తగిలిన చేతులు ఆవిడవే. ఎలాదియోకు కూడా. తియోఫిలాకూ ఆవిడకూ పదేళ్ల వయసు నుంచి స్నేహం. ఎవరు ముందు పోతే రెండోవాళ్లు తొమ్మిది రాత్రులూ పాట ఎత్తుకోవాలని వాళ్లు వంటింట్లో నవ్వుకుంటూ ఎన్నోసార్లు ఒట్లు పెట్టుకున్నారు. ఈ ఏటి మీద తియోఫిలా లాగా శవం ముందు పాట ఎత్తుకునే మనిషి లేదు. ఆవిడ ఒక చరణం ఎత్తుకుంటే, ఇంటినిండా ఉన్నవాళ్లు అందుకుంటారు. దానితోనే పోయినవాళ్లు అవతలి లోకానికి నడుస్తారని నమ్మకం.

మొదటి రాత్రి తియోఫిలా వచ్చింది. గుమ్మం బయట బల్ల మీద కూర్చుంది. లోపలికి అడుగు పెట్టలేదు. గుమెర్సీందో వచ్చి పిలిచాడు.

"లోపలికి రావమ్మా. నీ కోసమే ఆగారు అందరూ."

"నేను ఎత్తుకోను."

"అదేంటి! సిన్ఫొరోసాకి నువ్వు పాడకపోతే ఎవరు పాడతారు?"

"ఊరి దీపం ఆర్పినదాన్ని. దాని దీపం ముందు నోరు తెరవడానికి నాకు మొహం లేదు. ఎవరినైనా ఎత్తుకోమను."

ఎవరో ఎత్తుకున్నారు. గొంతు బాగానే ఉంది, మాటలు అక్కడక్కడ తప్పాయి. ఎలాదియో వాకిట్లో మగాళ్లతో కలిసి, జాగారానికి ఆనవాయితీగా, చుక్కల బిళ్లల డొమినోలు ఆడుతున్నాడు. చెరకు సారా సీసా చేతులు మారుతోంది. అతను ఒక్కసారి తలెత్తి చూశాడు. బల్ల మీద తియోఫిలా పెదాలు కదులుతున్నాయి. గొంతు బయటకు రావడం లేదు. అతను తల దించుకుని బిళ్ల వేశాడు. ఆట గెలిచాడు కూడా.

అలా తొమ్మిది రాత్రులూ జరిగాయి. ప్రతి రాత్రీ, ఇప్పుడు లేచి చెబితే ఆవిడ లోపలికి వెళ్లి పాడుతుంది కదా అని అతనికి అనిపించింది. ప్రతి రాత్రీ కూర్చునే ఉన్నాడు. పిరికితనానికి ఇంతకన్నా వేరే పేరు పెట్టనక్కర్లేదు. తొమ్మిదో తెల్లవారుజామున పీఠం విప్పి దీపం ఆర్పారు. సిన్ఫొరోసా స్నేహితురాలి గొంతు వినకుండానే వెళ్లిపోయింది.

ఇంజనీరమ్మ పడవ మోటారు చెడిపోయిందని ఒకసారి, ఏటి మొగ దగ్గర అలలు పెద్దగా ఉన్నాయని ఇంకోసారి కబురొచ్చింది. జాబితాలో పెద్ద అంకెలు రోజుకొకటి రాలిపోతూ వచ్చాయి. ఆఖరి ఎనభై రాలిపోయిన మర్నాడు ఆమె దిగింది. మొక్కు ఫలించింది.

ఇంజనీరమ్మ పేరు మర్లెనీ. కలుపుగోలు మనిషి, పని తెలిసినది. బ్యాటరీలు చూసింది, పెట్టె చూసింది. జాబితా అంతా ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై.

"హద్దు సరిగ్గానే పెట్టావు ఎలాదియో. నీ వైపు లోపమేం లేదు" అంది.

బడి గదిలో ఊరంతా కూడారు. ఆమె కాగితం మీద రాసుకుంటూ చదివింది. రెండు బ్యాటరీలు నీరు లేక ఎండిపోయాయి. కారణం, నీళ్లు పోసే బాధ్యత గల వ్యక్తి అజాగ్రత్త. కొత్త బ్యాటరీలు వస్తాయి. కాకపోతే ఇలా జరిగిందని ఆ వ్యక్తి ఒప్పుకున్నట్టు సంతకం కావాలి.

"ఆవిడకి రాయడం రాదు" అన్నాడు గుమెర్సీందో ఇబ్బందిగా.

"వేలిముద్ర చాలు."

తియోఫిలా ముందుకు వచ్చింది. నల్ల గౌను ఇస్త్రీ చేసి వేసుకుంది, చర్చికి వెళ్తున్నట్టు. మర్లెనీ ఇంకు డబ్బా తెరిచి ముందుకు జరిపింది. ఆవిడ బొటనవేలు అందులో ఒత్తింది. పైకి తీస్తే వేలు నల్లగా ఉంది. ఎక్కడ పెట్టాలన్నట్టు ఇంజనీరమ్మ మొహంలోకి చూసింది.

"ఆగత్తా!" అన్నాడు ఎలాదియో.

అంత గట్టిగా అరిచానని అతనికే తెలియలేదు. అందరూ తిరిగారు.

"ఆవిడ నీళ్లు పోసింది. ఎండబెట్టింది నేను. రెండే బ్యాటరీలు ఉంటే నలభై పెట్టాలి. ఎనభై పెట్టాను. ఏడు రోజులు ఉంచాను."

మర్లెనీ కళ్లజోడు సర్దుకుంది. "పెట్టెలో అలాంటిదేం లేదే."

"రాలిపోయాయమ్మా. రాలిపోయేదాకా కాచుకున్నాను."

"ఇదిగో చూడండీ" అంది రోస్‌మీరా. "పెద్దావిడ వేలిముద్ర వేస్తుంటే జాలేసి కోతలు కోస్తున్నాడు. చాల్లేవయ్యా, నీ మంచితనం మాకు తెలుసు!"

కొందరు అవునన్నట్టు తలలూపారు. ఒకడు ముచ్చటపడి నవ్వాడు కూడా. ఇంత చేశాక కూడా మంచివాడి పేరే దక్కుతుంటే ఎలాదియోకు ఏడుపు వచ్చింది.

"మంచితనం కాదు రోస్‌మీరా! నువ్వొచ్చి గుమ్మంలో నిలబడి వెళ్లావు చూడు, ఆ వెంటనే నొక్కాను. నువ్వు మెచ్చుకుని చేప పంపావు, కొబ్బరిపాలతో వండుకు తిన్నాను. బ్యాటరీలు ఉడుకుతుంటే విన్నాను. మూత తీసి చూడలేదు. నీ గుల్లలు కుళ్లింది నా మూలంగా."

తియోఫిలా అతని దగ్గరకు వచ్చింది. నల్లటి వేలు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని ఉంది.

"నేను పోశానా?"

"పోశావత్తా. ఇరవై నాలుగిట్లోనూ. కబురు విన్నాక కూడా గుర్తు దాకా పోశావు. ఆఖరి మూత నేను బిగించాను."

ఆవిడ కళ్లు మూసుకుంది. మొహంలో ముడతలన్నీ ఒక్కసారి వదులయ్యాయి. "పోశాను" అంది మెల్లిగా, తనలో తనే. "పోశాను. నా చెయ్యి బాగానే ఉంది." చెంపల మీదికి నీళ్లు దిగాయి. ఆ కాసేపు ఎలాదియోకు ఇంతటితో అయిపోయిందేమోననిపించింది.

ఆవిడ కళ్లు తెరిచింది.

"మరి నీ మెట్టు మీదికొచ్చి అడిగినప్పుడు?"

"అబద్ధం చెప్పాను."

"సిన్ఫొరోసా లోపల పడుకునుంది. నేను బయట బల్ల మీద కూర్చున్నా. అప్పుడు?"

ఎలాదియో చెయ్యి మెడలోని తాళంచెవి మీదికి పోయింది.

"డొమినోలు ఆడుతున్నావు" అంది ఆవిడ. "నా వైపు చూశావు కూడా. ఈ ముసిల్దాని కోసం బాధపడుతున్నాడు పాపం అనుకున్నా నీ చూపు చూసి. రెండు బ్యాటరీలు కాదురా, నలభై కాల్చినా నేను నిన్ను ఒక్క మాట అనేదాన్ని కాదు. బ్యాటరీలు పడవలో వస్తాయి. సిన్ఫొరోసా ఏ పడవలో వస్తుంది?"

మర్లెనీ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. తాళంచెవి ఇచ్చెయ్యమని గుమెర్సీందో చెయ్యి చాపాడు. ఎలాదియో మెడలోంచి తీసి ఇచ్చాడు. అది పోయినందుకు అతనికి ఏమీ అనిపించలేదు.

తియోఫిలా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"సాయంత్రం సిన్ఫొరోసా ఇంటికి రా. దానికి తొమ్మిది రాత్రులూ నేను మళ్లీ పాడతాను."

"అలా రెండోసారి చెయ్యకూడదమ్మా" అన్నాడు గుమెర్సీందో కంగారుగా. "పంపించేశాక మళ్లీ పిలవకూడదు. ఎవరూ రారు."

"ఎవరినీ రమ్మనలేదు. నేను ఎత్తుకుంటే అందుకోడానికి ఒక్క గొంతు చాలు." ఆవిడ ఎలాదియోను చూసింది. "వద్దనే మొహం ఈ ఊళ్లో వీడొక్కడికే లేదు. క్షమించాననుకునేవు. ఒక్కదాన్నే పాడితే పాట సగమే అవుతుంది, అందుకని."

పొద్దు వాలే వేళకు అతను వెళ్లాడు. ఇల్లు ఖాళీగా ఉంది. పీఠం ఉన్న చోట నేల మీద తెల్లటి చదరం మిగిలింది. బల్బు తెచ్చి పెట్టనా అని అడిగాడు. నీ కరెంటు వద్దు అంది ఆవిడ. కొవ్వొత్తి వెలిగించి, నేల మీద కూర్చుని, కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

ఆ గొంతు ఆ చిన్న ఇంట్లో పట్టలేదు. కిటికీలోంచి ఏటి మీదికి పోయింది. అవతలి ఇంట్లో ఎవరో గిన్నె కడగడం ఆపారు. చరణం ముగించి ఆవిడ ఆగింది. అందుకోవాల్సింది ఎలాదియో. పుట్టినప్పటి నుంచి విన్న పాటే, వందమందిలో ఒకడిగా వందసార్లు పాడిందే. ఒక్కడే పాడాల్సి వచ్చేసరికి అందుకోలేకపోయాడు.

ఆవిడ కళ్లు తెరవకుండానే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ ఆగింది.

అతను అందుకున్నాడు. సగం మాటలు ఏడుపులో మునిగిపోయాయి. తన గొంతు తనకే వినబడనంత చిన్నగా వచ్చింది.

"గట్టిగా పాడు" అంది తియోఫిలా. "దానికి చివరికాలంలో చెవుడొచ్చింది."